గుంటూరు నుంచి హైదరాబాద్ మారాలా? పాప మెడిసిన్ సీటు సంగతేంటి?

ప్రశ్న: ఆయనకి హైదరాబాద్ బదిలీ అయిందండి. పాప ఎనిమిదో తరగతి, డాక్టర్ చదివించాలని ఆశ. ఇప్పుడే వెళ్లాలా, టెన్త్ అయ్యాకా?

జవాబు 1: వెళ్లేదుంటే ఈ వేసవిలోనే వెళ్లండి. తెలంగాణలో ఎంబీబీఎస్‌కి లోకల్ (అంటే ఆ రాష్ట్రం వాళ్లకి కేటాయించిన సీట్లకి అర్హత) కావాలంటే 9, 10, ఇంటర్ నాలుగేళ్లూ వరుసగా అక్కడే చదివి, ఇంటర్ అక్కడే పాసవ్వాలి. ఈ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. టెన్త్ గుంటూరులో చదివి ఇంటర్‌కి వెళితే రెండేళ్లే లెక్కకొస్తాయి, అక్కడ నాన్‌లోకల్ అయిపోతుంది. ఆధార్‌లో అడ్రస్ మార్చినంత మాత్రాన లోకల్ కారు. ఏ ఏటి స్టడీ సర్టిఫికెట్ ఆ ఏడే తీసుకోండి, స్కూలు మూతపడితే తిప్పలే.

జవాబు 2: ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆల్ ఇండియా కోటాకి ఈ లోకల్ గొడవ లేదు, కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకోవద్దమ్మా. ఇక మారేటప్పుడు బండి ఉంటే, దాన్ని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి 28వ నంబరు ఫారంతో ఆర్టీఓ దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి, లోనుంటే ముందు బ్యాంకు సంతకం కావాలి.