వాఫిల్ కరకరలాడాలంటే ఏం చెయ్యాలె?

మాది మహబూబ్‌నగర్. మా బిడ్డ ఇష్టపడి అడిగిందని వాఫిల్, అంటే గళ్ల గళ్లుగ ఉండే రొట్టె, కాల్చే కరెంటు వాఫిల్ మేకర్ కొన్న. కప్పున్నర మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, రెండు గుడ్లు, కప్పుంబావు పాలు, కరిగిన వెన్న కలిపి పోస్తున్న. తీసినప్పుడు మంచిగ కరకరలాడుతది, పళ్లెంల పెట్టిన రెండు నిమిషాలకే మెత్తబడుతది. పైన పండు వేస్తే ఇంక చెప్పనక్కర లేదు.

ఇప్పుడు సీతాఫలాల కాలం. బాలానగర్ కాయలు బజార్ల బుట్టలకొద్దీ కనవడుతున్నయి. గింజలు తీసి ఆ గుజ్జే నాష్టాల పెట్టాలని నాకు బాగ ఆశ. అరటిపండు కన్న సీతాఫలం రుచి వేరు. గుజ్జు పిండిల కలపాలెనా, పైన వెయ్యాలెనా? కలిపితే మేకర్ ప్లేటుకు అంటుకుంటదా? కొంచెం బియ్యప్పిండి వేస్తే గట్టిగ నిలుస్తదా? ఆదివారం మా అత్తమ్మ వస్తున్నది, ఆమె గుడ్డు తినది. గుడ్డు లేకుండ చేసినోళ్లు ఉంటే కొలతలతోని చెప్పున్రి.