పెంతెకొస్తు సంఘాల మీద పీహెచ్‌డీ: సెమినరీలో చెయ్యాలా, యూనివర్సిటీలోనా?

ఏలూరు_కుర్రాడు:
అందరికీ వందనాలు. మాది పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ అనుభవానికి పెద్దపీట వేసే క్రైస్తవ శాఖ) కుటుంబం, నాన్నగారు పాస్టర్. బైబిల్ కాలేజీలో బి.టిహెచ్. (క్రైస్తవ వేదాంత డిగ్రీ) చేశాక ఎం.ఏ. సోషియాలజీ చదివాను. ఇప్పుడు పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ‘ఆంధ్రలో పెంతెకొస్తు ఉద్యమం’ అని టాపిక్ అనుకున్నా. ఎక్కడ చేరితే మంచిది? ఇంట్లో మాత్రం "పరిశుద్ధాత్మ మీద పరిశోధన ఏంట్రా" అంటున్నారు. అదో టెన్షన్.

బెంగళూరు_సెమినరీ:
తమ్ముడూ, ముందు డిగ్రీ సంగతి తేల్చుకో. వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ కిందున్న కాలేజీల్లో వరస బి.డి., ఎం.టిహెచ్., ఆ తర్వాతే డాక్టరేట్. నీ బి.టిహెచ్. ఎవరు గుర్తించారో చూసుకో. ఏషియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపు సెమినరీల మధ్య చెల్లుతుంది గానీ, ప్రభుత్వ యూనివర్సిటీ గుమాస్తా దాన్ని పక్కన పెట్టేస్తాడు. నీకు ఎం.ఏ. ఉంది కాబట్టి అటు దారి తెరిచే ఉంది. 2024 నుంచి యూజీసీ నెట్ పరీక్ష స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తోంది, రాసెయ్. మద్రాసు యూనివర్సిటీలో క్రైస్తవ అధ్యయనాలకు విడిగా ఒక శాఖే ఉంది, అదీ చూడు.

ఇంకోటి. సెమినరీలో గైడ్ "ఈ అనుభవం బైబిల్ వాక్యానుసారమేనా" అని అడుగుతాడు. సోషియాలజీలో "దీనివల్ల ఆ మనిషి బతుకులో ఏం మారింది" అంటారు. నీ మనసు ఏ ప్రశ్న దగ్గర ఆగుతోందో, అక్కడే చేరు.

సువార్త_సైనికుడు:
బ్రదర్, ఆత్మ కార్యాలకు కొలబద్ద పెడతారా? నాన్నగారి మాట వినండి.

బర్మింగ్‌హామ్_చలి:
సైనికుడు గారూ, ఆత్మను ఎవరూ కొలవడం లేదండీ. ఆత్మ దిగివచ్చిందని చెప్పేవాళ్ల జీవితాలను, సంఘాలను, చరిత్రను చదువుతున్నాం.

ఏలూరు తమ్ముడికి. నేను ఇక్కడికి, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీకి, రావడానికి పెద్ద కారణం పి. సాల్మన్ రాజ్ గారు. చాలామందికి ఆయన బాతిక్ బొమ్మల కళాకారుడిగానే తెలుసు. లూథరన్ అయిన ఆయన బైబిల్ మిషన్ అనే తెలుగు సంఘం మీద, దాని స్థాపకుడు ముంగమూరి దేవదాసు గారి మీద బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేశారు. అది 1986లో పుస్తకంగా వచ్చింది. పెంతెకొస్తు అధ్యయనాలకు పునాది వేసినవాళ్లలో ఒకరైన వాల్టర్ హొలెన్‌వెగర్ ఇక్కడ 1971 నుంచి 1989 దాకా ప్రొఫెసర్. తర్వాత అలన్ ఆండర్సన్ వచ్చారు. పెంతెకొస్తు ఉద్యమమంతా 1906లో లాస్ ఏంజిలెస్‌లో, అజూసా వీధిలో మొదలైందన్న కథ ఒక్కటే సరిపోదని వాదించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. పుణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో ఉజ్జీవం (ఆత్మీయ మేల్కొలుపు) వచ్చింది 1905లో, అంటే అజూసాకు ముందే. అక్కడ పనిచేసిన మిన్నీ ఏబ్రమ్స్ తన చిన్న పుస్తకాన్ని చిలీలోని స్నేహితురాలికి పంపింది. 1909లో వాల్పరైసోలో లేచిన ఉజ్జీవానికి అది ఒక ప్రేరణ. మహారాష్ట్ర పల్లె నుంచి దక్షిణ అమెరికా దాకా!

నీ టాపిక్ మరీ పెద్దది. మైకేల్ బెర్గుండర్ దక్షిణ భారత పెంతెకొస్తు ఉద్యమం మీద పెద్ద పుస్తకమే రాశారు. నువ్వు ఒక ఊరో, ఒక దశాబ్దమో, ఒక ఆచారమో పట్టుకో. బర్మింగ్‌హామ్ థీసిస్‌లు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, మన దేశంవి శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో ఉన్నాయి. అవి తిరగెయ్యకుండా ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టకు.

పల్లె_నోట్‌బుక్:
నేను క్రైస్తవురాలిని కాను. ఆంత్రొపాలజీ విద్యార్థిగా కృష్ణా జిల్లాలో ఒక చిన్న సంఘంలో ఫీల్డ్‌వర్క్ చేశాను. థియరీ సంగతి తర్వాత, ముందు కుల సర్టిఫికెట్ గురించి ఆలోచించు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీ కింద లెక్కిస్తారు. అందుకే ఆరాధనలో ముందు వరసలో కూర్చునేవాళ్లలో కొందరి కాగితాల్లో మతం హిందూ అనే ఉంటుంది. జనాభా లెక్కల అంకెలు పట్టుకుని సంఘం సైజు అంచనా వేస్తే బోల్తా పడతావు. అసలు పేర్లు, ఊరి పేరు థీసిస్‌లోకి రానే కూడదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒకామె మైకు పట్టుకుని కొడుకు జ్వరం తగ్గిన సంగతి అరగంట సాక్ష్యం చెప్పింది. బయటికొచ్చాక నా ఫోన్ చూపించి, "అమ్మా, అందులో నా పేరు పడకుండా చూడు" అంది. సమ్మతి పత్రం మీద సంతకం అంటే ఎవరూ ముందుకు రారు, రేషన్ కార్డు ఏమవుతుందోనని భయం. మా ఎథిక్స్ కమిటీ నోటిమాటగా రికార్డు చేసిన సమ్మతికి ఒప్పుకుంది. నువ్వూ ముందే అడుగు.

నీకు నాకు లేని ఇబ్బంది ఇంకోటుంది. దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) కట్టడం కష్టమైందని పాస్టర్ గారి అబ్బాయితో ఎవరు చెబుతారు? నాన్నగారి సంఘాన్ని వదిలి వేరే ఊరు వెళ్లు. చెన్నై మురికివాడ స్త్రీల మీద నథానియెల్ రాబర్ట్స్ 2016లో తెచ్చిన పుస్తకం చదువు. అప్పులు, కాపురాలు, ప్రార్థన కలిసి ఎలా నడుస్తాయో అందులో తెలుస్తుంది.

పాత_కాగితాలు:
ఏలూరు అంటున్నావు, మరి ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో రిజిస్టరైంది మీ ఊళ్లోనే కదా! కేరళ నుంచి వచ్చిన పి.ఎం. సామ్యేలు గారి పని అక్కణ్నుంచే పాకింది. అయినా అందరినీ ఒకే గాటన కట్టకు. సువార్తికుడు బక్త్ సింగ్ గారి సహవాసాలు (ఆయన నెలకొల్పిన సంఘాలు) పెంతెకొస్తు కావు. 1938లో మొదలైన బైబిల్ మిషన్‌లో దర్శనాలు, స్వస్థతలు ఉన్నా దాని దారి దానిదే. ఈ తేడాలు తెలియకుండా రాస్తే మొదటి వైవా (మౌఖిక పరీక్ష)లోనే పట్టేస్తారు.

ఆధారాలు లైబ్రరీల్లో తక్కువ, పాస్టర్ల ట్రంకు పెట్టెల్లో ఎక్కువ. కన్వెన్షన్ కరపత్రాలు, సంఘ పత్రికలు, పాటల పుస్తకాలు, క్యాసెట్లు. పెద్దాయన పోతే అవన్నీ పాత పేపర్లవాడికే. అమెరికాలో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం వాళ్ల ఫ్లవర్ సెంటర్ పాత పత్రికల్ని డిజిటైజ్ చేసి పెట్టింది, మిషనరీల ఉత్తరాలు అందులో దొరుకుతాయి. తెలుగు విశ్వాసి గొంతు మాత్రం ఇక్కడే వెతకాలి.

ఏలూరు_కుర్రాడు:
చాలా థాంక్స్. టాపిక్ కుదించాను: ‘గోదావరి జిల్లాల ఉపవాస ప్రార్థనల్లో స్త్రీల సాక్ష్యాలు’. అక్కా, మగవాడినైన నాకు వాళ్లు మనసు విప్పి చెబుతారంటారా? డబ్బు సంగతీ ఎవరైనా చెప్పండి.

పల్లె_నోట్‌బుక్:
ఒంటరిగా కూర్చుని అడిగితే చెప్పరు. ఆడవాళ్ల కూటానికి మీ అమ్మగారినో, పిన్నినో వెంటబెట్టుకుని వెళ్లు. లేదంటే పబ్లిగ్గా మైకులో చెప్పే సాక్ష్యాలకే పరిమితమవ్వు, అదీ సరిపడా సరుకే.

బర్మింగ్‌హామ్_చలి:
బ్రిటన్‌కైతే కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉందేమో చూడు. సువార్తిక సంఘాలవాళ్లకు లాంగమ్ సంస్థ సహాయం కూడా ఉంది, అది ఇంగ్లండ్ పాస్టర్ జాన్ స్టాట్ మొదలుపెట్టింది. ఉద్యోగం, పరిచర్య వదలలేనంటే ఆక్స్‌ఫర్డ్ సెంటర్ ఫర్ మిషన్ స్టడీస్ పార్ట్ టైమ్ పద్ధతి చూడు.

ఏలూరు_కుర్రాడు:
నాన్నగారిని అడిగితే అటక మీద పెట్టె ఉందన్నారు. 70ల నాటి కన్వెన్షన్ కరపత్రాలట. ఆదివారం దింపుతానన్నారు, కోపం కొంచెం తగ్గినట్టే ఉంది.

పాత_కాగితాలు:
శుభం. ఫొటో తీసేటప్పుడు వెనకవైపు కూడా తియ్యి, ప్రెస్సు పేరు, ఊరు అక్కడే ఉంటాయి. పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, లాగకు, కాగితం చిరుగుతుంది.