గుండె సీటీలో ఊపిరితిత్తి గడ్డ కనిపించింది, ఏం చేయాలి?

ఒంగోలు అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 66. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే గుండెకి సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) తీయించాం. డాక్టరుగారు మొదటి పేజీ చూసి "బ్లాకుల్లేవు, హాయిగా ఉండండి" అన్నారు. రాత్రి ఇంట్లో రిపోర్టు చదువుతుంటే రెండో పేజీ అడుగున ఒకే ఒక్క లైను: కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 7 మి.మీ. సాలిడ్ నాడ్యూల్ (గట్టి చిన్న గడ్డ). దాని గురించి మాకెవరూ చెప్పలేదు. నాన్న పాతికేళ్లు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేశారు, చుట్ట మానేసి ఆరేళ్లే. "గుండె బాగుందిగా" అంటూ పొద్దున ఇడ్లీ మీద ఇంకో చెంచా నెయ్యి వేయించుకున్నారు. పక్కనే నిలబడి కూడా చెప్పలేకపోయాను. ఇది క్యాన్సరేనా? వెంటనే బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేయించాలా?

సీటీ టెక్నీషియన్:
అమ్మా, పదకొండేళ్లుగా ఈ మిషన్ దగ్గరే ఉన్నా. గుండె సీటీలో ఊపిరితిత్తుల పైభాగం రాదు, పూర్తి ఛాతీ సీటీ ఎప్పుడు తీయించాలో డాక్టర్ని అడగండి. అంతకన్నా ముందు ఇంట్లో పాత సీడీ ఉందేమో వెతకండి. కోవిడ్‌లో ఎంతమంది ఛాతీ సీటీ తీయించుకున్నారో! అప్పుడూ ఇదే సైజులో ఉంటే సగం భయం తీరినట్టే. రిపోర్టు కాగితం సరిపోదు, బొమ్మలే చూపించాలి.

ఛాతీ వైద్యుడు:
గడ్డ అనగానే క్యాన్సర్ కాదు. మన దగ్గర పాత టీబీ మచ్చలు చాలా ఇలాగే కనిపిస్తాయి. ఫ్లైష్నర్ సొసైటీ అనే అంతర్జాతీయ ఛాతీ స్కాన్ నిపుణుల సంఘం 2017 సూచనల ప్రకారం 6 నుంచి 8 మి.మీ. ఒంటరి సాలిడ్ నాడ్యూల్‌కి 6–12 నెలల్లో మళ్లీ సీటీ, పొగ తాగినవాళ్లకి 18–24 నెలలకి ఇంకోటి. 8 దాటితే పెట్ సీటీ (గడ్డలో కణాలు ఎంత చురుగ్గా ఉన్నాయో చూపే స్కాన్), బయాప్సీ ఆలోచిస్తాం. ఇంత చిన్నదానికి సూది గురి కుదరడమే కష్టం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదమూ ఉంది. కఫంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా మాత్రం నెలల తరబడి ఆగొద్దు.

గుడివాడ అన్నయ్య:
నాన్నగారికి చెప్పేయమ్మా. మా అమ్మకీ ఇలాగే వచ్చినప్పుడు తనకి చెప్పకుండా దాచాం. రెండో సీటీకి రమ్మంటే "నాకేమైందని?" అని నాలుగు నెలలు మొండికేసింది. చెప్పాక తనే చీర మార్చుకుని బయల్దేరింది.

ఒంగోలు అమ్మాయి:
అన్నయ్యా, ఇప్పుడే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే లేచి బీరువాలో పట్టుచీరల కింద నుంచి 2021 మే నాటి సీడీ తీసిచ్చారు. అప్పటి రిపోర్టులో కోవిడ్ మచ్చల గురించే ఉంది, గడ్డ మాట లేదు. రేపు రెండు సీడీలూ పట్టుకుని వెళ్తున్నాం.