‘సమాధానపడుము’ అంటే ఏం చేయమని? మత్తయి 5:24

గాజువాక నుంచి ఒక సభ్యురాలు:
స్థలం పంపకాల దగ్గర మా అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. మొన్న కూటంలో ఒక సిస్టర్‌గారు నాకోసం “ప్రభువా, నీ చిత్తమైతే ఈ బిడ్డకు సమాధానం దయచేయి” అని ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాను గానీ, సమాధానం అంటే ఇక్కడ జవాబా, మనశ్శాంతా, అన్నయ్యతో రాజీయా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
అమ్మా, ఆ మాటలో మూడూ ఉన్నాయి. బడిలో ప్రశ్నకు రాసేది సమాధానం. ఫిలిప్పీ 4:7లో ‘సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము’ అంటే శాంతి. మత్తయి 5:24లో ‘మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము’ అన్నచోట మాత్రం తెగిన సంబంధాన్ని మళ్లీ కలుపుకోవడం. గ్రీకులో ఈ రెండు చోట్లా వేర్వేరు మాటలున్నాయి, తెలుగులో ఒకే మాటయింది. అలాగని తప్పు మాటేమీ కాదు. సంస్కృతంలో సమాధానం అంటే ఒకచోట కలిపి ఉంచడం. సంధిలో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది.

చిక్కంతా మన వాడుకతోనే. “పోనీలే అని మనసుకు సమాధానం చెప్పుకున్నా” అంటాం కదా. ఆ అలవాటుతో చదివితే, ఇంట్లోనే కూర్చుని కోపం దిగమింగుకుంటే వాక్యం నెరవేరిపోయిందనిపిస్తుంది. వాక్యం అలా ఊరుకోనివ్వదు. ‘వెళ్లి’ అంది, ‘సహోదరునితో’ అంది. పై వచనం ఇంకా సూటిగా ఉంటుంది: ‘నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని’ జ్ఞాపకం వస్తే అంటాడు యేసు. నీకు అతని మీద కోపం ఉందా లేదా అని కాదు, అతని మనసులో నీమీద ఏముందో చూడమంటున్నాడు. అర్పణ బలిపీఠం ఎదుటే ఉంటుంది, ఆరాధన మధ్యలో ఆగుతుంది, మనిషి లేచి బయటికి నడవాలి. ఇంత గట్టిగా చెప్పిన మాటను మనం ఆదివారం కానుక సంచీ వచ్చే ముందు నెమ్మదిగా చదివి దాటేస్తున్నామని నాకు బాధ.

ఇక ‘నీ చిత్తమైతే’. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ‘నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము’ అన్నాడు. తన కోరికను తండ్రి చిత్తం కింద పెట్టాడు. సమాధానపడే విషయంలో తండ్రి చిత్తం ఏమిటో ముందే తెలుసు, ‘సమాధానపడుము’ అని ఆజ్ఞగానే ఉంది. వెళ్లనా వద్దా అని మళ్లీ అడగడం, చెప్పింది విననట్టు ఉండటమే. ప్రార్థనలో అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎప్పుడు వెళ్లాలి, మొదటి మాట ఏమిటి, స్థలంలో ఎంతవరకు వదులుకోగలను, నా తప్పు ఎక్కడుంది. వీటికోసం మోకాళ్ల మీద ఎంతసేపున్నా ఎక్కువ కాదు.

బైబిల్ కూడా ఒక ‘అయితే’ పెట్టింది, గమనించండి. రోమా 12:18: ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి.’ క్షమించడం ఒక్కరి పని, కలవడానికి ఇద్దరు కావాలి. అన్నయ్య తలుపు తీయకపోతే ఆ లెక్క మీ మీద పడదు. ఇంకో మాట: కొట్టేవాడి ఇంటికి తిరిగి పొమ్మని ఆడపిల్లల మీద ఈ వాక్యం ప్రయోగించేవాళ్లున్నారు. అది వాక్యం కాదు.

రాస్ హిల్ విచారణ (కతోలిక సంఘం) నుంచి మరొకరు:
యేసు నేర్పిన పరలోక ప్రార్థన మా కతోలికుల వాడుకలో ‘మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు మా అప్పులను మీరు మన్నించండి’ అని ఉంటుంది. మీది ‘క్షమించియున్న ప్రకారము’ కదా. తేడా ఉందా?

జవాబు:
ఉందండీ, రెండూ కావాలి. ‘క్షమించియున్న’ అంటే ముందే క్షమించేసి ఆ తర్వాత అడుగుతున్నాం. ‘మన్నించు’లో మన్నన ఉంది, ఎదుటివాణ్ణి మళ్లీ గౌరవంగా చూడటం. అప్పు రద్దు చేసి మనిషిని చిన్నచూపు చూస్తే అది మన్నించడం అనిపించుకోదు.

పాతపోస్టాఫీసు వైపు నుంచి ఒక పెద్దాయన:
ఈ మాటల వెతుకులాట మన ఊళ్లోనూ జరిగింది. 1805లో లండన్ మిషన్ నుంచి వచ్చిన మిషనరీలు క్రాన్, డిగ్రాంజిస్ విశాఖలోనే తెలుగు నేర్చుకున్నారు. క్రైస్తవుడైన ఆనందరాయర్ సాయంతో వాళ్లు తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరూ బతికి లేరు. అదలా ఉంచితే, మత్తయి 18:22లో ‘డెబ్బది ఏళ్ల మారులమట్టుకు’ అని ఉంది. మా మనవరాలు డెబ్బై సంవత్సరాలు అనుకుంటోంది.

జవాబు:
సంవత్సరాలు కాదండీ, ఎక్కం. రెండు రెళ్లు నాలుగు అన్నట్టే డెబ్బై ఏళ్లు అంటే డెబ్బై ఏడులు, 490. సహోదరుణ్ణి ఏడుసార్లు క్షమిస్తే చాలా అని పేతురు అడిగాడు, దానికి వచ్చిన జవాబు అది.

గాజువాక సభ్యురాలు:
అర్థమైందండీ. “ఎలా మాట్లాడాలో నేర్పించు” అని ప్రార్థన చేయమని సిస్టర్‌గారికి చెప్తాను. శనివారం పెందుర్తి వెళ్తున్నాను, అన్నయ్య వాళ్లది అక్కడే.