కోల్డ్ రూమ్‌కి ఐఓటీ (ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్) పెట్టించుకోమంటున్నారు, నిజంగా పనికొస్తుందా?

కోఠి_హోల్‌సేల్:
నమస్తే అందరికీ. కోఠిలో మాది మందుల హోల్‌సేల్. ఇన్సులిన్, వ్యాక్సిన్ల కోసం చిన్న కోల్డ్ రూమ్ ఉంది. మొన్న మే నెలలో శనివారం రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది గానీ కోల్డ్ రూమ్ కంప్రెసర్ ట్రిప్ అయి అలాగే ఉండిపోయింది. ఆదివారం షాపు మూత. సోమవారం పొద్దున తలుపు తీస్తే రోజూ కొట్టే చలి లేదు, మీటర్లో 19 డిగ్రీలు. ఇన్సులిన్ 2 నుంచి 8 మధ్య ఉండాలి కదా, ఉన్న సరుకంతా పక్కన పడేశాం.

ఇప్పుడు ఒక కంపెనీ వాళ్లొచ్చి ఐఓటీ పెట్టుకోండి సార్, అంతా మొబైల్‌లో కనిపిస్తుంది, ఏఐ కూడా ఉంది అని 3 లక్షల 80 వేలకి కొటేషన్ ఇచ్చారు. పైగా ఏటా చందా. వాళ్లు చూపించిన పీపీటీలో స్మార్ట్ సిటీ ఉంది, డిజిటల్ ట్విన్ ఉంది, నా కోల్డ్ రూమ్ మాత్రం లేదు. అసలు ఇదేంటి? సీసీ కెమెరా ఫోన్‌లో చూస్తున్నాంగా, అదీ ఇదీ ఒకటేనా? మా అబ్బాయి పెట్టించేద్దాం నాన్నా అంటున్నాడు, మేనేజరేమో రోజూ టెంపరేచర్ రాసే రిజిస్టర్ ఉందిగా సార్ అంటున్నాడు.

గచ్చిబౌలి_సెన్సర్:
సార్, కెమెరాని మీరు కూర్చుని చూడాలి. ఐఓటీలో వస్తువే తన సంగతి తను కొలుచుకుని, తేడా వస్తే మీకు కబురు పెడుతుంది. అంతే తేడా. ఈ ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అనే మాట 1999లో కెవిన్ ఆష్టన్ అనే ఆయన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో సరుకుల మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల (ముట్టుకోకుండా రేడియోతో చదివే చీటీలు) గురించి చెబుతూ వాడాడు. మీ కారు అద్దం మీదున్న ఫాస్టాగ్‌లో ఉన్నది కూడా ఆర్‌ఎఫ్‌ఐడీనే. అంటే ఇది పుట్టిందే మీలాంటి సరుకు వ్యాపారం కోసం, స్మార్ట్ సిటీలు తర్వాత వచ్చాయి.

ఇక అసలు విషయం. వాళ్ల పరికరం మీ షాపు వైఫైకి కలుస్తుందా, సొంత సిమ్ ఉందా? కరెంటు పోతే ముందు పడుకునేది రౌటరే, అంటే కబురు రావాల్సిన టైంలోనే రాదు. సిమ్, లోపల బ్యాటరీ రెండూ ఉండాలి. ఇంకోటి, పరికరం నుంచి పది నిమిషాలు రీడింగ్ రాకపోతే దాన్ని కూడా అలారంగానే లెక్కపెట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

కోల్డ్ రూమ్ గోడలకి వాడే పఫ్ ప్యానెల్స్‌కి (మధ్యలో ఫోమ్ ఉన్న పలకలు) రెండు వైపులా రేకే కాబట్టి సిగ్నల్ సరిగా బయటికి రాదు, ప్రోబ్ (వేడి కొలిచే సెన్సర్ కొస) లోపల పెట్టి వైరుతో డబ్బా బయట బిగించాలి. ఆ ప్రోబ్‌ని గాలిలో వదిలేస్తే తలుపు తీసిన ప్రతిసారీ అలారం మోగుతుంది, గ్లైకాల్ అనే ద్రవం పోసిన చిన్న సీసాలో ముంచి పెడితే మందు సీసా లోపలి వేడికి దగ్గరగా చూపిస్తుంది. ఇన్సులిన్‌కి గడ్డకట్టడం కూడా ప్రమాదమే, కాబట్టి 8 దాటితేనే కాదు, 2 కంటే కిందికి పోయినా మోగాలి.

గుజరాతీ గల్లీకి వెళ్తే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, డీఎస్18బీ20 అనే టెంపరేచర్ సెన్సర్ కొని మీ అబ్బాయే చేసేయగలడు, ఆ సెన్సర్ అర డిగ్రీ అటూ ఇటూ చూపిస్తుంది. ఇంట్లో ఫ్రిజ్‌కైతే బ్రహ్మాండం. మీది మందుల వ్యాపారం, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ (కొలత సరిగ్గా ఉందని పరీక్షించి ఇచ్చే కాగితం) ఉన్నదే తీసుకోండి.

జీడిమెట్ల_మౌల్డింగ్:
మాది ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ అన్నా. ఒక్కో మిషన్ వైరుకి, అందులో పారే కరెంటుని కొలిచే సీటీ కాయిల్ తగిలించి కరెంటు లెక్క పెట్టించాం. మొదటి వారంలోనే తెలిసింది, షిఫ్టు లేని రాత్రి కూడా ఎయిర్ కంప్రెసర్ తిరుగుతూనే ఉందని. వెళ్లి చూస్తే లైన్ జాయింట్ల దగ్గర బుస్సుమని లీకేజీ, పగలు మిషన్ల చప్పుడులో ఎవడికీ వినపడలేదు. ఇంకోటి, పొద్దున రాగానే హీటర్లన్నీ ఒకేసారి వేసేవాళ్లు, మాది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ కాబట్టి కేవీఏ డిమాండ్, అంటే ఒకేసారి లాగే గరిష్ట లోడు, ఎగిరి బిల్లులో కూర్చునేది. ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వేస్తున్నారు. దీనికి ఏఐ ఏం అవసరం పడలేదు.

కానీ మా తప్పు కూడా చెప్తా. మొదట్లో చిన్న తేడా వచ్చినా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించాం. రోజంతా టింగు టింగు. పదిహేను రోజుల్లో సూపర్‌వైజర్‌తో సహా అందరూ గ్రూప్ మ్యూట్ చేశారు, నేను కూడా. తర్వాత రెండే రెండు అలారాలు ఉంచి, అవి మెసేజ్ కాకుండా ఫోన్ కాల్ వచ్చేలా మార్పించాం. రాత్రి రెండింటికి ఎవరు ఎత్తాలి, ఎత్తకపోతే తర్వాత ఎవరికి వెళ్లాలి అనేది రాసుకోండి. ముప్పావు వంతు పని అదే.

పాత_ఫార్మసిస్ట్:
మీ మేనేజర్ గారి రిజిస్టర్ ఒకసారి తీసి చూడండి. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే వాలు రాత, పొద్దున 4, సాయంత్రం 4, ఆదివారం కూడా 4 అని ఉంటే అర్థం చేసుకోండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటివి బోలెడు చూశాను, ఒకట్రెండు నేనే రాశాను కూడా 😀

రాత్రి_డ్యూటీ:
పెట్టిస్తే మొదట పాస్‌వర్డ్ మార్చండి సార్. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కొద్దీ కెమెరాలు, డీవీఆర్‌లలోకి దూరింది, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే వదిలేయడం వల్లే. ఇంకా, కంపెనీ మూతపడితే మీ పాత రీడింగులు మీ చేతికి వస్తాయా అనేది కూడా కాగితం మీద రాయించుకోండి.

కోఠి_హోల్‌సేల్:
అందరికీ థ్యాంక్స్. రిజిస్టర్ చూశాను, ఫార్మసిస్ట్ గారూ, మే నెల ఆ ఆదివారం కూడా 4 అనే ఉంది. షాపు మూసి ఉన్న రోజు! మేనేజర్‌తో ఇంకా మాట్లాడలేదు, కోపం తగ్గాక మాట్లాడతా.

నిన్న ఆ కంపెనీ కుర్రాడు డెమో పరికరం తెచ్చి వైఫైకి కలిపి కోల్డ్ రూమ్‌లో పెట్టాడు. యాప్‌లో పచ్చ రంగులో 4.2 అని వచ్చింది. టీ తెప్పించి, అతను తాగుతుండగా షాపు మెయిన్ ఆఫ్ చేశాను. లైట్లు పోయాయి, రౌటర్ పోయింది, ప్రోబ్ నా చేతిలో పట్టుకుని బయట నిలబడ్డా. ఇరవై నిమిషాలు యాప్‌లో 4.2, పచ్చగానే ఉంది. నెట్ లేదు కదా సార్ అన్నాడు. అదే బాబూ నేను అడుగుతోంది అన్నాను. సిమ్ ఉన్న మోడల్ రేటు కనుక్కుని వస్తానని వెళ్లాడు, ఈలోగా మీలో ఎవరైనా వాడుతున్నది ఉంటే చెప్పండి.