1856 చేతిబండ్ల విషాదం: తప్పు పథకానిదా, ఆలస్యానిదా?

బాటసారి:
అమెరికాలోని క్రైస్తవ శాఖ మోర్మన్ల పడమటి వలస గురించి ఎవరు రాసినా వాళ్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ దక్షతను ఆకాశానికెత్తుతారు. 1847 వరకు నాకూ అభ్యంతరం లేదు. పదిమందికొకడు, యాభైమందికొకడు, వందమందికొకడు చొప్పున నాయకులను పెట్టి, మొదటి దళాన్ని జులై కల్లా యూటాలోని సాల్ట్ లేక్ లోయకు చేర్చాడు. అదే మనిషి 1856లో ఎడ్లబండ్లు ఖరీదని ఐరోపా నుంచి వచ్చిన పేదల చేతికి తోపుడు బండ్లు ఇప్పించాడు. ఆ ఏడాది చివరగా బయలుదేరిన విల్లీ, మార్టిన్ చేతిబండ్ల దళాల్లో సుమారు వెయ్యి మంది ఉంటే రెండు వందలకు పైగా దారిలోనే పోయారు. పథకమే వాళ్లను చంపిందంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు:
కాదనే అంటాను. అదే ఏడాది, అవే బండ్లతో ముందు బయలుదేరిన మూడు దళాలు చలి ముదరకముందే క్షేమంగా చేరాయి. తర్వాత 1860 దాకా మరో ఐదు దళాలు నడిచాయి, వేటికీ ఈ గతి పట్టలేదు. తేడా అంతా తేదీల్లోనే ఉంది. ఈ రెండు దళాల జనం లివర్‌పూల్‌లో ఓడ ఎక్కేసరికే మే నెల. బండ్లు తీసుకోవాల్సిన అయోవా సిటీకి చేరితే అవి సిద్ధంగా లేవు. మిస్సోరీ నది ఒడ్డునున్న ఫ్లోరెన్స్ దాటేసరికి ఆగస్టు సగం గడిచిపోయింది.

వడ్రంగి మనవడు:
మాస్టారూ, బండ్లు ఎందుకు సిద్ధంగా లేవో, హడావిడిగా చేస్తే ఎలా తయారయ్యాయో కూడా చూడాలి కదా. ఆరని పచ్చి కర్రతో చేశారు. మైదానాల పొడిగాలికి ఆ కర్ర ముడుచుకుపోయి చక్రాలు వదులయ్యాయి. చెక్క ఇరుసులో ఇసుక చేరి అరగదీసింది. కందెనకు గతిలేక, తినాల్సిన పందిమాంసపు కొవ్వునూ సబ్బునూ ఇరుసుకు రాశారు. ఫ్లోరెన్స్‌లో ఆ బండ్ల మీదే దాదాపు వంద పౌండ్ల పిండి బస్తా ఒక్కొక్కటి అదనంగా వేశారు. ఏ ఊరి వడ్రంగిని అడిగినా వద్దనేవాడు.

రేగుపూత:
వద్దన్నవాడు ఉన్నాడు. విల్లీ దళంలో ఉపనాయకుడైన లీవై సావేజ్, అంతకుముందే ఆ లోయ చూసివచ్చినవాడు. ముసలివాళ్లతో, పిల్లలతో ఇంత ఆలస్యంగా బయలుదేరితే చావులు తప్పవని ఫ్లోరెన్స్ సభలో చెప్పాడు. పెద్దలు విశ్వాసం చాలదని మందలించారు. అయినా ఆయన వాళ్లతోనే వెళ్లాడు. పదిమందికొకడు అనే ఆ ఏర్పాటులో ఆజ్ఞ కిందికి దిగడానికి మెట్లున్నాయి, హెచ్చరిక పైకి ఎక్కడానికి లేవు. నా ఫిర్యాదంతా దాని మీదే.

లెక్కలమాస్టారు:
మరి ఈ దళాలు ఇంకా దారిలోనే ఉన్నాయన్న వార్త అందిన మర్నాడే, అక్టోబరు 5న, యంగ్ సభ మధ్యలో బండ్లు, పిండి, మనుషులు కావాలని అడిగాడు. రెండు రోజుల్లో మొదటి సహాయక దళం కదిలింది. అదీ ఆ ఏర్పాటు వల్లనే సాధ్యమైంది.

బాటసారి:
సాధ్యమైంది, సంతోషం. కానీ అసలు ఆ వార్త కొత్తగా అందడమేమిటి? వెయ్యి మంది దారిలో ఉన్నారని సాల్ట్ లేక్‌లో తెలియదు. ఇక ఎవరూ రారనుకుని, ఎదురుపంపిన సరకుల బండ్లు వెనక్కి మళ్లాయి. ఇటు మార్టిన్ దళం బరువు మోయలేక మనిషికి 17 పౌండ్ల సామానును పదికి కుదించి, దుప్పట్లు కాల్చేసింది. రెండు రోజులకే నార్త్ ప్లాట్ నది దాటుతుండగా మంచు మొదలైంది. ఇందులో ఆలస్యం ఎంత, ఏర్పాటు ఎంత, మాస్టారూ?

వడ్రంగి మనవడు:
1861 నుంచి చేతిబండ్లు మానేసి, యూటా నుంచే ఎడ్లబండ్లను పంపి మిస్సోరీ నది దగ్గర జనాన్ని ఎక్కించుకున్నారు. మళ్లీ ఎద్దుల దగ్గరికే ఎందుకు వెళ్లారో మాస్టారు అది కూడా చెప్పాలి.