కోర్టులో ఒడియా దుబాసీగా చేరాలంటే ఎవరిని కలవాలి?

నమస్కారమండి. మాది గుంటూరు. అమ్మ వాళ్లది బరంపురం కాబట్టి ఒడియా ఇంట్లోనే వచ్చేసింది. హిందీ, ఇంగ్లీషు కూడా బాగా వచ్చు. కోర్టులో దుబాసీగా స్థిరపడాలని గట్టిగా అనుకుంటున్నాను.

ఈ మధ్య బంధువుల కేసు వాయిదాకి తోడుగా వెళ్లాను. ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా కుర్రాడొకడు బోనులో నిలబడి, ఏం అడిగినా తలూపుతున్నాడు. సాక్షి చెప్పేది ఒక్క ముక్కా అతనికి ఎక్కుతున్నట్టు లేదు. ముద్దాయికి రాని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పి తీరాలి కదా! క్రిమినల్ కేసుల విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 279వ సెక్షన్ అదే, దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఆ నియమం ఉంది. ఆ కుర్రాడి ముఖం చూశాక ఈ పని చేయాలన్న పట్టుదల ఇంకా పెరిగింది.

కాగితాలు తర్జుమా చేసే ట్రాన్స్‌లేటర్ ఉద్యోగం కాదండి, ఎదురుగా నిలబడి నోటితో చెప్పే పని కావాలి. విజయవాడ, గుంటూరు కోర్టుల్లో దీనికి మనిషిని ఎలా పిలుస్తారు? జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పేరు ఇచ్చి ఉంచొచ్చా? రోజువారీగా డబ్బులిస్తారా, దాంతో ఇల్లు గడుస్తుందా? రిమాండు, పంచనామా, క్రాస్ ఎగ్జామినేషన్ లాంటివి తడుముకోకుండా చెప్పడానికి ఎలా సాధన చేయాలి? లాయర్లు, కోర్టు సిబ్బంది ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.